వ్రాఁతప్రతియు నిక్షేపధర్మమును

పరిశోధనపత్రికలో నొక వ్యాసము ప్రకటింపఁబడినంతనే దానికి లోకమునఁ గొంత ప్రామాణ్యము కలుగుచున్నది. ఆ ప్రామాణ్యము ముద్రణమువలన వచ్చినది కాదు. ప్రకటనమునకు ముందు ఆ విషయ మెఱిఁగిన యొకరిద్దఱు విద్వాంసులు వ్యాసమును జదివి, గుణదోషములు విచారించి, ప్రకటింపఁదగునని చెప్పియుందురను నమ్మకమువలన వచ్చినది. పీర్ రివ్యూ యని నేఁడు వ్యవహరింపఁబడుచున్న యీ తోడివిద్వాంసుల పరీక్ష సాధారణముగా రహస్యముగనే జరుగును. పరీక్షకుఁ డెవ్వఁడో వ్యాసకర్త యెఱుఁగఁడు. పాఠకుఁడు మొదలే యెఱుఁగఁడు. పదిమంది కన్నులఁ బడని చోట జరుగు నీపనికిఁ గట్టుబాటేమి? దానిని దప్పినవాఁ డెవ్వరికి సమాధానము చెప్పవలయును? ఈ ప్రశ్నలను గొన్ని వాస్తవవృత్తాంతములను బట్టి విచారించుట యీ వ్యాసోద్దేశము.

పరీక్ష మనకుఁ గ్రొత్త కాదు. ఉజ్జయినిలోఁ గావ్యకారులకును, పాటలీపుత్రమున శాస్త్రకారులకును బరీక్షలు జరిగెడివని రాజశేఖరుఁడు కావ్యమీమాంసలోఁ జెప్పి, కాళిదాస భారవులను మొదటివారిలోను, పాణిని పతంజలులను రెండవవారిలోను బేర్కొనెను. అది యెంతవఱకుఁ జారిత్రకమను విచారము వేఱు. ఆ పరీక్షకును నేఁటి పరీక్షకును గల భేద మొకటి మాత్ర మిచట గమనింపఁదగినది. బ్రహ్మసభలో గ్రంథకర్తయు, బరీక్షకులును, సభ్యులును నెదురెదుర నుందురు. అన్యాయముగాఁ దప్పుపట్టినవాఁడు అక్కడికక్కడనే సమాధానము చెప్పవలసివచ్చును. నేఁటి పరీక్షలో సభ లేదు. ఒక వ్రాఁతప్రతి, దానిని బుచ్చుకొన్న సంపాదకుఁడు, అతఁడు పంపఁగా నందుకొన్న పరీక్షకుఁడు, ఇంతియే. కావున దీనికి సభామర్యాదకంటె, ఒకరి సొమ్ము మఱియొకరి చేతిలో నున్నపుడు వర్తించు ధర్మమే తగినదిగాఁ దోఁచుచున్నది.

అట్టి ధర్మము మన స్మృతులలోఁ జక్కఁగా వివరింపఁబడినది. వ్యవహారపదములు పదునెనిమిదింటిలో మనువు ఋణాదానమును మొదటిదిగాను, నిక్షేపమును రెండవదిగాను నెన్నెను. నమ్మి యొకరియొద్ద నుంచిన సొమ్ము నిక్షేపము. దానిని మరల నీయనివాఁడును, ఉంచకయే యుంచితినని యడుగువాఁడును నిద్దఱును దొంగవలె శిక్షార్హులని మనువు విధించెను. తనయొద్ద నుంచిన సొమ్మును స్వేచ్ఛగా వాడుకొన్నవాఁడు దండనీయుఁ డనియు, దానిని వృద్ధితోఁ గూడ నిచ్చుకొనవలయుననియు యాజ్ఞవల్క్యుఁడు చెప్పెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన తెనిఁగించెను గనుక నీ విచారము తెలుఁగువారికిఁ జిరపరిచితమే.

వ్యాసకర్త పత్రికకుఁ బంపిన వ్రాఁతప్రతి విక్రయింపఁబడినది కాదు, దానము చేయఁబడినది కాదు. ఒక ప్రయోజనముకొఱకు నమ్మి యప్పగింపఁబడినది. కావున దానిని బుచ్చుకొన్నవారికి నాలుగు విధు లేర్పడుచున్నవి. అందలి విషయమును దాము వాడుకొనరాదు. అనుమతి లేక యన్యుల కీయరాదు. కాలము మీఱ నుంచుకొనరాదు. అక్కఱలేదని తోఁచినయెడల హేతువుఁ జెప్పి మరల నీయవలయును. ప్రచురణనీతిని గుఱించి 1997లో నింగ్లండునఁ గొందఱు వైద్యపత్రికల సంపాదకులు స్థాపించిన కోప్ అను సంఘము పరీక్షకులకుఁ జేసిన యుపదేశములలోని ముఖ్యాంశములు చాలవఱకు నీ నాల్గింటిలో నిమిడియున్నవి.

ఈ పరీక్షాపద్ధతి యనాదిసిద్ధ మని కొందఱు తలఁచుచున్నారు. అది సరికాదు. 1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గు లండనునందు ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ అను పత్రికను బ్రారంభించినపుడు యోగ్యతానిర్ణయము ముఖ్యముగా సంపాదకునిదే. 1752లో రాయల్ సొసైటీవారు పత్రికను దమ వశమునకుఁ దెచ్చుకొని యొక కమిటీ నేర్పఱచిరి. 1830 తరువాతనే పరీక్షకులు తమ యభిప్రాయములను వ్రాఁతమూలకముగాఁ దెలుపు నాచారము నెలకొన్నది. ప్రసిద్ధమైన నేచర్ పత్రికయు వ్యాసములను బయటి పరీక్షకులకుఁ బంపుట నియమముగాఁ జేసికొన్నది 1973లో మాత్రమే. పద్ధతి యిటీవలిది కాఁబట్టి దాని ధర్మమును నాచారమునుబట్టి గాక హేతువునుబట్టి నిర్ణయింపవలసియున్నది.

ధర్మము తప్పినపుడు కలుగు హానికి మొదటి దృష్టాంతము మనదేశమునుండియే వెడలిన వ్యాసము. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అను స్కాట్లండుదేశీయుఁడు ఈస్టిండియా కంపెనీవారి కొలువులో బొంబాయియందు నావికవిద్యాబోధకుఁడుగా నుండెను. వాయువులు ఎడతెగక చలించు నణువుల సముదాయము లనియు, ఆ చలనమునుబట్టియే యుష్ణోగ్రత యేర్పడు ననియుఁ బ్రతిపాదించుచు నతఁ డొక వ్యాసము రచించి 1845లో రాయల్ సొసైటీకిఁ బంపెను. పరీక్షకులలో నొకఁడు అది యర్థములేనిదనియు, సభలోఁ జదువుటకైనను దగదనియు వ్రాసెను. సంగ్రహము మాత్ర మచ్చుపడెను. సంఘమునకుఁ జేరిన వ్యాసమును మరల నీయని నాఁటి యాచారముచే మూలము భాండాగారమునఁ బడియుండెను. కొలఁది యేండ్లలోఁ గ్రోనిగ్, క్లాసియస్, మాక్స్‌వెల్ అను వారు ఆ మార్గమునే స్వతంత్రముగాఁ గనుఁగొని కీర్తిఁ గాంచిరి. వాటర్‌స్టన్ 1883లో గతించెను. లార్డ్ రేలీ యా ప్రతిని వెదకించి 1892లోఁ బ్రకటించునప్పటికి నలువదియాఱేండ్లు గడచినవి.

పరీక్షకుఁడు పొరపడుట యపరాధము కాదు. క్రొత్తదారిఁ ద్రొక్కిన వ్యాసమును జూచి నాఁటి పండితులలో ననేకు లట్లే పొరపడియుందురు. దోషము రెండుచోట్ల నున్నది. హేతువులు చూపి ఖండింపవలసినచోట నిందతో సరిపుచ్చుట మొదటిది. తమకుఁ బనికిరాదన్న సొమ్మును యజమానునికి మరల నీయక యుంచుకొనుట రెండవది. ఇందుఁ గల విచిత్ర మేమనఁగా, వ్యాసమును వెలికిఁ దీసిన రేలీయే తన పీఠికలో, పేరులేని కర్తలు ఊహాప్రధానములగు రచనలను విద్వత్సంఘములకుఁ గాక వేఱుమార్గమునఁ బ్రకటించుకొనుట మేలని హితవు చెప్పెను. నిక్షేపమును బోఁగొట్టినవానిని విడిచి, నమ్మి యుంచినవానిని మందలించినట్లున్నది. వాటర్‌స్టన్‌కు మహోపకారము చేసినవాని నోటనే యీ మాట వచ్చుట, సంఘములు తమ తప్పును గుర్తించుట యెంత కష్టమో తెలుపుచున్నది.

రెండవ వృత్తాంత మింతకంటె ఘోరము. 1978లో నమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలోఁ బనిచేయుచున్న హెలెనా వాక్‌స్లిఖ్ట్ రోడ్‌బార్డ్ అను యువపరిశోధకురాలు తన వ్యాసము నొకదానిని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను పత్రికకుఁ బంపెను. పరీక్షార్థమది యేల్ విశ్వవిద్యాలయమునందలి ఫిలిప్ ఫెలిగ్ అను నాచార్యునికిఁ జేరెను. ఆయన దానిని దన సహచరుఁడైన విజయ్ సోమన్‌కు నిచ్చెను. ఆ విషయముపైననే పనిచేయుచున్న సోమన్ దానిలోని వాక్యములను దన వ్యాసములోనికి ఎత్తి వ్రాసికొనెను. రోడ్‌బార్డ్ వ్యాసమును ద్రోసివేయుట మంచిదని పత్రికకు నభిప్రాయము వెళ్లినది. పిదప సోమన్, ఫెలిగ్ ఇరువురి పేర వేఱొక పత్రికకు నొక వ్యాసము వెళ్లఁగా, అది పరీక్షకొఱకు రోడ్‌బార్డ్ పై యధికారియొద్దకు వచ్చి, ఆయనవలన నామె చేతిలోనే పడెను. తన వాక్యములను దానే పరులవ్రాఁతగాఁ జదువుకొనవలసివచ్చిన యామె యూరకుండక విచారణ కోరెను. 1980లో జరిగిన తనిఖీలో సోమన్ లెక్కలే నమ్మఁదగినవి కావని తేలెను. సోమన్ రాజీనామా నిచ్చెను. పెక్కు వ్యాసము లుపసంహరింపఁబడెను. అప్పుడే కొలంబియా విశ్వవిద్యాలయమున నున్నతపదవికి వెళ్లిన ఫెలిగ్ దానిని వదలుకొనవలసివచ్చెను.

లోకము సోమన్ చేసిన చౌర్యమునే పెద్దదిగాఁ జెప్పుకొనును. నిక్షేపదృష్టితోఁ జూచినచో మొదటి తప్పు అంతకుముందే జరిగినది. పరీక్షకుఁడు తనకప్పగించిన ప్రతిని సంపాదకునితోఁ జెప్పక మఱియొకని కిచ్చిననాఁడే కట్ట తెగినది. తరువాతి చౌర్యము ఆ గండిలోనుండి వచ్చిన నీరు. శిష్యులచేతను సహచరులచేతను వ్యాసములు చదివించి తమపేర నభిప్రాయములు పంపు నాచార్యులు నేఁడును గలరు. శిష్యునికి శిక్షణ మిచ్చుట మంచిదే. కాని సంపాదకుని యనుమతి ముందుగాఁ బొందవలయును, చదివినవాని పేరును దెలుపవలయును.

ఈ భయము మనవారికి వెనుకటినుండియుఁ గలదు. 1656 నాఁటి యప్పకవీయములోఁ జెప్పఁబడిన కథను బండితు లెఱుఁగుదురు. నన్నయభట్టు భారతమును దెనిఁగించుచు భీమకవి రచించిన రాఘవపాండవీయమును వ్యాపింపకుండ నడఁచెననియు, దానికిఁ బ్రతీకారముగా భీమకవి యాంధ్రశబ్దచింతామణిని గోదావరిలోఁ గలిపెననియు, సారంగధరుఁడు దానిని గంఠస్థముగాఁ గాపాడెననియు నందున్నది. చరిత్రవిమర్శకు లీ కథను బ్రమాణముగాఁ గొనలేదు, మనమును గొనఁబనిలేదు. కాని కథ కల్పించినవాని మనస్సులోని తలంపు గమనింపఁదగినది. ఒకే రంగమునఁ బనిచేయు నిద్దఱిలో నొకని గ్రంథము రెండవవాని యధీనమైనపుడు ఏమి కావచ్చునో యతఁ డెఱుఁగును. అడఁచినవానికి దండన లేనిచోట, అడఁపఁబడినవాఁడు గోదావరిని వెదకుకొనును. నీటఁ గొట్టుకొనిపోయిన నిక్షేపమునకు ధారి యుత్తరవాది కాఁడని మనువు చెప్పెనుగాని, తానే నీటఁ గలిపినవానికి నా మినహాయింపు లేదు.

ఇచట నొక పూర్వపక్షము రాఁగలదు. రహస్యమే సకలదోషములకు మూలమైనచో దానిని దీసివేయరాదా యని కొందఱందురు. రహస్యము లేనిదే చిన్నవాఁడు పెద్దవాని తప్పును జూపలేఁడు గనుక నది యుండవలయునని మఱికొందఱందురు. రెండవవారికి బలమైన సాక్ష్య మొకటి కలదు. 1936లో నైన్‌స్టీన్ మహాశయుఁడు నేథన్ రోజెన్‌తోఁ గలసి, గురుత్వాకర్షణతరంగములు లేవని చెప్పు వ్యాసమును ఫిజికల్ రివ్యూ అను పత్రికకుఁ బంపెను. సంపాదకుఁడు జాన్ టేట్ దానిని బరీక్షకునికిఁ బంపఁగా నతఁడు పదిపుటల విమర్శము వ్రాసి దోషమును జూపెను. ఐన్‌స్టీన్ కోపించి, ముద్రింపుమని పంపితిమేకాని యన్యులకుఁ జూపుఁడని యధికార మీయలేదని యుత్తరము వ్రాసి వ్యాసమును మరలఁ దీసికొనెను. ఆ పరీక్షకుఁడు హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్. అతఁడు తరువాత ప్రిన్స్‌టన్‌లో నైన్‌స్టీన్ సహాయకుఁడగు నిన్‌ఫెల్డ్‌తో మాటలాడి, తానే పరీక్షకుఁడనని చెప్పకయే యా దోషమును విశదపఱచెను. వ్యాసము దిద్దఁబడి 1937లో వేఱుపత్రికలో, తరంగములు గలవను నర్థముతో వెలువడెను. 2015 సెప్టెంబరులో నా తరంగములు యంత్రములకుఁ జిక్కినవి. రాబర్ట్‌సన్ పేరు లోకమునకుఁ దెలిసినది 2005లో.

ఈ కథను సాధారణముగా నైన్‌స్టీన్ కోపమును జూపుటకుఁ జెప్పుదురు. నిజమునకు ఆయన యడిగిన ప్రశ్న న్యాయమైనదే: నా సొమ్మును నన్నడుగక యన్యునిచేతి కెట్లిచ్చితివి? దానికి సమాధానము, పత్రిక తన పరీక్షాపద్ధతిని ముందుగాఁ బ్రకటించుటయే. అట్లు ప్రకటించినపిదపఁ బంపినవాఁడు అనుమతించినట్లే. ఇఁక రాబర్ట్‌సన్ నడవడి చూడుఁడు. రహస్యము నతఁడు తన్నుఁ గాపాడుకొనుటకుఁ గాక, కర్తగౌరవమును గాపాడుటకు వాడెను. పదిపుటల హేతువులు వ్రాసెను. కీర్తి కోరలేదు. వాటర్‌స్టన్ పరీక్షకుఁడును రహస్యముగనే వ్రాసెను, రాబర్ట్‌సనును రహస్యముగనే వ్రాసెను. భేదము హేతువు చూపుటలో నున్నది. కావున రహస్య మొక యుపకరణము మాత్రమే; హేతువు చెప్పవలసిన ఋణమును నది తీసివేయదు.

పరీక్షకుని పేరు దాఁచినంత మాత్రమునఁ జాలదు, కర్తపేరును దాఁచుట మేలని చూపు ప్రయోగ మొకటి కలదు. పీటర్స్, సెసీ అను మనశ్శాస్త్రజ్ఞులు, ప్రసిద్ధవిద్యాసంస్థలవారు వ్రాయఁగా నచ్చుపడిన 12 వ్యాసములను గల్పితనామములతో నా పత్రికలకే మరలఁ బంపి, ఫలితమును 1982లోఁ బ్రకటించిరి. మూఁడు మాత్రమే పట్టువడెను. తక్కిన తొమ్మిదింటిలో నెనిమిది నిరాకరింపఁబడెను. సంపాదకులను మోసగించిన ప్రయోగ మను నాక్షేపణ దీనిపైఁ గలదు, అదియు వినఁదగినదే. అయినను వ్రాఁతకంటెఁ జిరునామాకు విలువ కట్టుచున్నామా యను శంక దీనివలన దృఢమగుచున్నది.

ఇంతవఱకుఁ జెప్పినవి నిక్షేపమును సరిగాఁ గాపాడనివారి కథలు. కాపాడు నుద్దేశమే లేక తెఱచిన దుకాణములు వేఱు. జాన్ బొహనాన్ అను పత్రికారచయిత స్థూలదోషములతోఁ గూడిన కల్పితవ్యాసమును 304 పత్రికలకుఁ బంపఁగా 157 పత్రిక లంగీకరించినట్లు 2013లో సైన్స్ పత్రిక ప్రకటించెను. ఇట్టి వ్యవహారము తెలుఁగుగడ్డకుఁ దూరమైనది కాదు. హైదరాబాదు కేంద్రముగాఁ గల ఓమిక్స్ అను ప్రచురణసంస్థపై 2016లో నమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌వారు వ్యాజ్యము వేసిరి. పరీక్ష జరుగుచున్నదని నమ్మించుట, రుసుమును వ్యాస మంగీకరించినపిదపఁ గాని తెలుపకుండుట, అనుమతి లేక విద్వాంసుల పేళ్లు సంపాదకవర్గమునఁ జూపుట మున్నగునవి యారోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ న్యాయస్థానము కమిషన్ పక్షమునఁ దీర్పు చెప్పి, 5 కోట్ల డాలర్లకు మించిన మొత్తమును జెల్లింప నాజ్ఞాపించెను. 2020లోఁ బై న్యాయస్థానము దానిని స్థిరపఱచెను. ఆ యారోపణలలో మఱియొకటి మన విషయమునకు మిక్కిలి దగ్గఱిది: వ్యాసమును మరలఁ దీసికొందుమన్నను దఱచుగాఁ దీసికొననీయకుండుట. పనికిరాదని చెప్పి యుంచుకొన్నది నాఁటి సంఘము. పనికివచ్చునని చెప్పి సొమ్ముకొఱకుఁ బట్టియుంచుకొన్నది నేఁటి దుకాణము. కర్తకు రెండును నొక్కటియే.

మనదేశమున నిట్టి పత్రికలను వడగట్టుటకు విశ్వవిద్యాలయధనసహాయసంఘము, అనఁగా యూజీసీ, పట్టికలు ప్రకటించెను. 2018 మే నెలలోఁ దన పట్టికనుండి 4,305 పత్రికలను దొలఁగించెను. పిమ్మట కేర్ అను పేర వేఱొక పట్టిక నేర్పఱచి, 2025 ఫిబ్రవరిలో దానిని రద్దుచేయుచున్నట్లు ప్రకటించి, పత్రికాయోగ్యతానిర్ణయమును విద్యాసంస్థలకే వదలెను. పట్టికలు పోయినందులకు విచారింపఁబనిలేదు. పట్టికలో నున్నదా లేదా యని చూచువాఁడు వ్యాసమును జదువుట మానివేయును.

స్మృతి రెండువైపుల ధర్మమును జెప్పినది; ఉంచకయే యుంచితినన్నవాఁడును దొంగయే. పరుల సొమ్మును దనదని పత్రికకుఁ బంపు కర్త యట్టివాఁడు. 2018లో యూజీసీ గ్రంథచౌర్యనిబంధనలు చేసి, సామ్యము పదిశాతమువఱకు స్వల్పమనియు, 10 మొదలు 40 వఱకు, 40 మొదలు 60 వఱకు, 60కి మించి యని మూఁడంతస్తులకు వేర్వేఱు శిక్ష లనియు విధించెను. ఈ కొలత యంత్రమునకు సుకరము. కాని యిది రాజశేఖరుఁడు చెప్పిన శబ్దహరణమును మాత్రమే కొలువఁగలదు. అర్థహరణము దానికిఁ జిక్కదు. అర్థమంతయు నొక్కటియై పలుకుబడి మాత్రమే వేఱైన దానిని బ్రతిబింబకల్ప మని యాలంకారికులు పేర్కొని నిరాకరించిరి. మాటలు మార్చి భావమును దొంగిలించినవాఁడు శాతములలో నిర్దోషియగును; ఆధారములు చూపుచు విపులముగా నుదాహరించిన సాధువు, యంత్రమును నడపువాఁ డేమఱినచో, దోషిగాఁ గనఁబడును. దీనిఁ బట్టుకొనఁగలవాఁడు విషయమెఱిఁగి శ్రద్ధతోఁ జదివిన పరీక్షకుఁ డొక్కఁడే.

ఆ శ్రద్ధ నిపుడు క్రొత్తప్రలోభ మొకటి హరించుచున్నది. కృత్రిమమేధాయంత్రమునకు వ్రాఁతప్రతిని సమర్పించి దానిచేత నభిప్రాయము వ్రాయించు నలవాటు వ్యాపించుచున్నది. అది ప్రతిని మూఁడవవాని కిచ్చుటయే. ధనసహాయముకొఱకు వచ్చిన దరఖాస్తుల విషయమున నిట్లు చేయరాదని 2023లో నమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు పరీక్షకులను నిషేధించినవి. రోడ్‌బార్డ్ వృత్తాంతము జరిగిన చోటునుండియే యీ నిషేధము వచ్చుట గమనింపఁదగినది.

పరీక్షకుఁడు కూలి లేక పనిచేయుచున్నాఁడు, అతనిపై నింతభార మేల యని యడుగవచ్చును. నిక్షేపధారికిని గూలి లేదు. కాపాడలేననుకొన్నవాఁడు పుచ్చుకొనకుండుటయే ధర్మము. మన సాహిత్యపత్రికలకుఁ గార్యాలయములు చిన్నవి, ధనము స్వల్పము; కాని యీ ధర్మము నెఱవేర్చుటకు ధన మక్కఱలేదు. వ్యాసము చేరినదినమును గర్తకుఁ దెలుపుట, ఎవరికిఁ జూపుదుమో యే పద్ధతిఁ జూపుదుమో ముందుగాఁ బ్రకటించుట, కర్తతోఁ బోటీగాని బంధుత్వముగాని కలవానికిఁ బంపకుండుట, గడువు నియమించుట, నిరాకరించినపుడు హేతువు వ్రాసి పంపుట, అచ్చుపడిన తప్పును అదే పత్రికలో నొప్పుకొనుట, ఇవి చాలును. హేతువు వ్రాయుటకు నాలుగుపంక్తులు పట్టును. ఆ నాలుగుపంక్తులు లేకయే వాటర్‌స్టన్ బ్రదుకు గడచిపోయినది.

మన పాఠశాలలలోని పండితులు, పల్లెలలో నుండి శాసనములు చదివి, తాళపత్రములు పరిష్కరించి, పేరుప్రతిష్ఠలు లేక వ్రాయుచున్నవారు, తమ కృషినంతయు నొక కవరులోఁ బెట్టి పంపుచున్నారు. దానికి వేఱొక నకలుండవచ్చును, ఉండకపోవచ్చును. అందుకొన్నచేయి ఎట్టిదో యను ప్రశ్నకు వారికి నమ్మకము తప్ప వేఱుత్తరము లేదు. ఆ నమ్మకమే పత్రికల మూలధనము. దానిని గాపాడుటలో సంపాదకులును బరీక్షకులును దమ బాధ్యతను విచారింతురుగాక.